తండ్రి స్వెట్టరు తనయునికి

మోచేతులు చిరిగిన ఉన్నిదుస్తు పెట్టె అడుగున పడి ఉండటమా, ఒక పసివాని ఒంటిమీద మరి కొన్ని శీతాకాలాలు గడపటమా? ఒక కత్తెర, ఒక సూది, కొద్దిపాటి ధైర్యం ఉంటే రెండవది సాధ్యమే.

దీపావళి వెళ్లిన వారానికే ఢిల్లీ, లక్నో, అమృతసరు నగరాలలో మంచాల క్రింది ఇనుపపెట్టెలు బయటికి వస్తాయి. మేడలమీద రజాయిలను, శాలువలను, స్వెట్టర్లను ఎండకు పరుస్తారు. నాఫ్తలీను ఉండల ఘాటు వీధి మలుపు దాకా సోకుతుంది. ఆ కుప్పలో ఒక స్వెట్టరు తరచుగా కనిపిస్తుంది. దానిని ఎవరూ తొడుగుకోరు, పారవేయనూ ఇవ్వరు. పెళ్లయిన కొత్తలో ఇంటి ఇల్లాలు భర్తకు అల్లి ఇచ్చినది కావచ్చు. తొలి జీతంతో కొనుక్కున్న లూధియానా సరుకు కావచ్చు. మోచేతుల వద్ద చిల్లులు పడ్డాయి. మణికట్టు అంచు పోగులు పోగులై వేలాడుతున్నది. పెద్దవానికి అది ఇక పనికిరాదు. అదే ఇంటిలో నాలుగేళ్ల పిల్లవాడు, నిరుటి చొక్కా పొట్టిదైపోగా, నడుము బయటపడి వణకుతూ ఉంటాడు.

ఉన్నిదుస్తు ఒక్కసారిగా ముసలిదైపోదు. బల్లకు ఆనే మోచేతులు, పదేపదే పైకి లాగే ముంజేతి అంచు, గడ్డం రాపిడి తగిలే మెడ మొదట పాడవుతాయి. వెన్ను, రొమ్ము, నడుము పట్టీ చాలాకాలం చెక్కుచెదరవు. స్వెట్టరు పాడయినదని మనం అనేనాటికి దానిలో అధికభాగం బాగానే ఉన్నదన్నమాట. ఆ బాగున్న భాగాన్ని వేరుచేసి మరొక దుస్తుగా కుట్టటం పెద్ద విద్యేమీ కాదు. అయినా చీరను చించి లంగా కుట్టటానికి వెనుదీయని చేతులు స్వెట్టరుపై కత్తెర పెట్టేసరికి ఆగిపోతాయి.

ఆ సంకోచానికి కారణం లేకపోలేదు. నేతబట్టలో పడుగు, పేక ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి. కోసినచోట నాలుగు పోగులు ఊడినా తక్కిన బట్ట నిలుస్తుంది. అల్లికబట్ట స్వభావం వేరు. ఒకే దారం వలయాలుగా తిరుగుతుంది. ప్రతి వలయమూ తన క్రింది వలయంలోనుండి దూరి వచ్చి, తన పైవలయానికి ఆధారమై నిలుస్తుంది. నడుమ ఒకటి తెగితే దాని మీద ఆధారపడినవి నిచ్చెన మెట్లు ఊడినట్లు వరుసగా జారిపోతాయి. కాబట్టి స్వెట్టరును కోసే పనిలో నేర్పంతా కోయటంలో లేదు. కోతకు ముందు ఆ వలయాలను కదలకుండా కట్టివేయటంలో ఉన్నది.

స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న షెట్లాండు దీవులలో స్త్రీలు ఈ సంగతిని తరతరాలుగా ఎరిగినవారే. వారు రంగురంగుల స్వెట్టరును గొట్టంవలె గుండ్రంగా అల్లుకుంటూ పోతారు. చేతులకు, ముందు గుండీల వరుసకు అవసరమైనచోట కొన్ని కుట్లు అదనంగా అల్లి ఉంచి, ఆ మీదట అక్కడ నిలువునా కత్తెరతో కోస్తారు. ఈ కోతపట్టీకి వారి భాషలో ‘స్టీక్’ అని పేరు. అక్కడి గొర్రెల ఉన్ని నూగుగా ఉండి, ప్రక్కప్రక్క పోగులు ఒకదానినొకటి అంటిపెట్టుకుంటాయి గనుక కోసిన అంచు వెంటనే జారదు. నార్వేలోనూ ఈ ఆచారం ఉన్నది. అక్కడ కోతకు ఇరుప్రక్కలా ముందుగా కుట్టు వేయటం వాడుక. మన ఇళ్లలో అనుసరించదగినది ఈ రెండవ పద్ధతి.

కత్తెరకు ముందు

మొదట స్వెట్టరును ఉతికి ఆరవేయాలి. ఉన్నికి కుంకుడుకాయ రసాన్ని మించినది లేదు. ఘాటైన సబ్బుపొడి పోగును పెళుసు చేస్తుంది. ఆరిన తరువాత కిటికీకి అడ్డంగా పట్టి వెలుతురులో చూడాలి. చిమ్మట పురుగు తిన్న సన్నని రంధ్రాలు అప్పుడే కంటబడతాయి. వాటికి సుద్దతో గురుతు పెట్టుకుంటే కోత వాటిని తప్పించుకుంటూ సాగుతుంది.

తరువాత అది నిజమైన ఉన్ని అవునో కాదో తేల్చుకోవాలి. అమెరికాలో 1950లో ‘ఓర్లాన్’ పేరుతో ఆక్రిలిక్ పోగు బజారుకెక్కింది. ఆ జాతి పోగులు మన దేశంలో చవక స్వెట్టర్లను దాదాపు ఆక్రమించుకున్నాయి. చూపుకు, స్పర్శకు రెంటికీ తేడా కనిపెట్టటం అనుభవజ్ఞులకే కష్టం. నిప్పు మాత్రం అబద్ధం చెప్పదు. లోపలి కుట్టునుండి అంగుళం దారం తీసి, చిమటాతో పట్టుకొని అగ్గిపుల్ల అంటించాలి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన కమురు వాసన వేసి, మంట తీయగానే తనంతట తాను ఆరిపోతుంది; మిగిలిన బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. ఆక్రిలిక్ నల్లని పొగతో భగ్గున మండి, కరిగి, గట్టి నల్లపూసగా మిగులుతుంది.

ఇది కేవలం కుట్టుపనివారి కుతూహలం కాదు. ఉత్తరాది పల్లెలలో చలిమంట చుట్టూ పిల్లలు కూర్చుంటారు. కాశ్మీరులో నిప్పుల కాంగిడీని అంగరఖా లోపలే పెట్టుకుంటారు. కరిగి చర్మానికి అంటుకొనే పోగుతో కుట్టిన బట్టను అటువంటి ఇంటి పసివానికి తొడగకపోవటమే మేలు. ఆక్రిలిక్ స్వెట్టరుతో దిండు గలీబో, కాలిపట్టాయో కుట్టుకోవచ్చు.

నాలుగేళ్లవానికి చేతులు లేని కోటు

ఆరంభకులకు తగినది చేతులు లేని పొట్టి కోటు. దీనికి కాగితపు నమూనాలు, లెక్కలు అక్కరలేదు. పిల్లవానికి సరిపోయే పాత బనియనో, చొక్కాయో ఒకటి తీసి, స్వెట్టరును తిరగవేసి బల్లమీద పరచి, దానిపై పెట్టి చుట్టూ సుద్దతో గీస్తే చాలు. నాలుగేళ్ల బిడ్డ రొమ్ము చుట్టుకొలత సుమారు 22 అంగుళాలు ఉంటుంది. లోపల మరొక చొక్కా తొడుగుతాడు గనుక నాలుగంగుళాలు వదులుంచి, 26 అంగుళాలు వచ్చేటట్లు చూసుకోవాలి. అంటే ముందు భాగం 13, వెనుక భాగం 13. కుట్టుకోసం ప్రతి అంచున మరొక అర అంగుళం వదలాలి. పెద్దల స్వెట్టరులో ఇంతకు మించిన జాగా ఉంటుంది.

ఇక్కడ ఒక యుక్తి ఉన్నది. స్వెట్టరు అడుగున ఉన్న సాగే నడుము పట్టీని కోసివేయరాదు. బనియను అడుగు అంచును సరిగ్గా ఆ పట్టీ అంచుకు ఆనించి గీసినట్లయితే కొత్త కోటుకు క్రింది మడత కుట్టే పనే తప్పుతుంది. ఆ పట్టీ అల్లినవారి శ్రమ వృథా కాదు. మనం కుడితే అంత చక్కగా రాదు కూడా.

గీతలు గీసిన తరువాత, కోయకముందే, ప్రతి గీతకు లోపలి ప్రక్కన కుట్టు వేయాలి. మిషనుపై జిగ్‌జాగ్ కుట్టు ఉంటే మంచిదే. లేకుంటే దగ్గరదగ్గరగా రెండు వరుసల సాదా కుట్టు చాలు. మిషను పాదం ఒత్తిడి తగ్గించి, బట్టను ఎంతమాత్రం లాగకుండా వదలాలి. లాగి కుడితే అంచు అలలు అలలుగా తేలి, కోటు గొడుగు చీలికవలె తయారవుతుంది. బట్ట క్రింద పలుచని కాగితం ఉంచి కుట్టి, పిదప ఆ కాగితాన్ని చించివేస్తే పళ్లు బట్టను పట్టి లాగవు. సూది మొన కొద్దిగా మొండిగా ఉన్నది కావాలి. వాడి సూది పోగును చీల్చి, కొత్త చిల్లులకు తానే కారణమవుతుంది. మిషను లేనివారు చేతి సూదితో వెనుక కుట్టు వేసినా సరిపోతుంది. ఒక సాయంకాలం పడుతుంది, అంతే. బజారులో ఓవర్‌లాకు మిషను ఉన్న దర్జీ అయితే కొద్ది నిమిషాలలో ఇదంతా ముగించి ఇస్తాడు.

ఇప్పుడు కత్తెర తీసుకోవచ్చు. కుట్టుకు పావు అంగుళం దూరంగా కోయాలి. ఒక్క పోగు కూడా జారదు.

భుజాల కలయిక దగ్గర జాగ్రత్త అవసరం. దుస్తు బరువంతా భుజాలపైనే వ్రేలాడుతుంది. అల్లికబట్ట సాగే గుణం కలది. అందుచేత భుజపు కుట్టుతోపాటు సన్నని నూలు పట్టీని కలిపి కుట్టకపోతే నెల తిరిగేసరికి పిల్లవాని కోటు భుజాలు మోచేతుల వైపు జారుతాయి. చంకలకు, మెడకు పాత బనియను బట్టను ఏటవాలుగా కోసి గోటు వేయవచ్చు. క్రోషా పని వచ్చినవారు అదే రంగు ఉన్నితో అంచు అల్లితే అందం ఇనుమడిస్తుంది.

మిగిలినవి రెండు చేతులు. వీటిని పారవేయటం చాలామంది చేసే పొరపాటు. స్వెట్టరు చెయ్యి క్రిందికి సన్నబడుతూ వచ్చి చివర బిగుతైన పట్టీతో ముగుస్తుంది. పసిబిడ్డ కాలికి కావలసిన ఆకారం కూడా అదే. రెండు చేతులనూ పైభాగాన లోపలి కుట్టు వెంబడి ఆరేడు అంగుళాలు విప్పి, ఆ విప్పిన అంచులను ఒకదానితో ఒకటి కలిపి కుట్టి, నడుముకు ఎలాస్టిక్ ఎక్కిస్తే ఏడాది బిడ్డకు వెచ్చని పైజామా సిద్ధం. తండ్రి మోచేతి చిల్లు బిడ్డ మోకాలి ప్రాంతానికి వస్తుంది. అక్కడ ఒక మాసిక వేయాలి. పాకే బిడ్డకు మోకాళ్లపై మాసిక ఎలాగూ అవసరమే.

వెనుక భాగం నడుము పట్టీలో మిగిలిన ముక్క ఒక టోపీకి సరిపోతుంది. నవజాత శిశువు శరీరంతో పోల్చితే తల పెద్దది. వేడి అక్కడినుండి త్వరగా పోతుంది. పుట్టిన బిడ్డను తుడిచి, తల్లి ఒంటికి ఆనించి, తలకు టోపీ పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పటం ఇందుకే. ఉన్ని గరుకు బిడ్డ చర్మాన్ని బాధించకుండా టోపీకి, పైజామాకు లోపల మెత్తని పాత నూలుబట్ట అతికించాలి.

కుదించుకుపోయిన స్వెట్టరు కథ

పొరపాటున వేడినీళ్లలో నానబెట్టి, బాది ఉతికిన ఉన్ని స్వెట్టరు బొమ్మ చొక్కా అంతయి బయటపడటం అనేక గృహాలలో ఒక విషాదఘట్టం. సూక్ష్మదర్శినిలో చూస్తే ఉన్నిపోగు మీద చేప పొలుసులవంటి పొలుసులు ఉంటాయి. వేడి, తడి, రాపిడి మూడూ కలిసినపుడు ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని, వెనుకకు రాలేక, బట్టంతా బిగిసి చిక్కనవుతుంది. ఈ మార్పుకు విరుగుడు లేదు.

విరుగుడు లేదు కాని ఉపయోగం ఉన్నది. అలా బిగిసిన బట్టలో వలయాలు ఇక జారవు. నేరుగా కత్తెరతో కోసి, అంచు మడవకుండానే కుట్టవచ్చు. గాలి దూరదు, చిరుజల్లు నిలుస్తుంది. ఆల్ప్స్ పర్వత ప్రాంతంలో ఉన్నిని కావాలనే ఇలా చిక్కబరచి ‘లోడెన్’ అనే కోటుబట్టను తయారుచేస్తారు. కాబట్టి చిల్లులు మరీ ఎక్కువగా ఉన్న స్వెట్టరును ఉద్దేశపూర్వకంగా వేడినీళ్లలో నలిపి, చేతితొడుగులుగా, చెప్పులలోపలి అట్టలుగా కోసుకోవటం తెలివైన పని. అయితే మిషను ఉతుకుకు తట్టుకొనేటట్లు రసాయనాలతో పొలుసులు అణచిన ఉన్ని బిగియదు. ఆక్రిలిక్ అసలే బిగియదు.

కత్తెర జోలికే పోని పద్ధతి మరొకటి ఉన్నది. పాత స్వెట్టరును కొసనుండి విప్పి, దారాన్ని చిలపగా చుట్టి, ఉతికి, అడుగున బరువు కట్టి వేలాడదీస్తే వంకరలు పోతాయి. దానితో మళ్లీ అల్లుకోవచ్చు. ఉత్తరభారతపు తల్లులకు ఇది వెన్నతో పెట్టిన విద్య. నలభై యాభై ఏళ్ల క్రిందటి ఛాయాచిత్రాలలో పిల్లల స్వెట్టర్లపై ఆ అడ్డచారలను చూసి అది ఆనాటి ఫ్యాషన్ అనుకొనేవారు ఉన్నారు. కొంతవరకు అది నిజమే కావచ్చు. అన్న స్వెట్టరు నీలం, అక్కది ఎరుపు, రెంటిలో ఏదీ తమ్మునికి చాలకపోవటం తరచుగా అసలు కారణం. ఫ్యాక్టరీలో పెద్ద అల్లికబట్టనుండి కోసి, ఓవర్‌లాకు వేసి కుట్టిన స్వెట్టర్లు మాత్రం ఇలా విప్పటానికి లొంగవు. ప్రతి వరుసా అంచున తెగి, చేరెడు చేరెడు ముక్కలే చేతికి వస్తాయి.

రెండవ ప్రపంచయుద్ధంలో ఈ విద్య బ్రిటనులో ప్రభుత్వ విధానమే అయింది. 1941 జూన్ 1న అక్కడ దుస్తులకు రేషను వచ్చింది. తొలి ఏడాది పెద్దలకు తలకు 66 కూపన్లు ఇచ్చారు. ఉన్నదానితో సరిపెట్టుకొని బాగుచేసుకోండని 1943లో వాణిజ్యశాఖ ఒక చిన్న పుస్తకం ప్రచురించింది. విప్పి అల్లటం, పెద్దల బట్టలను పిల్లలకు మార్చటం ఊరూరా తరగతులు పెట్టి నేర్పారు. రేషను 1949 మార్చిలో గాని తొలగలేదు. అనేక ఇళ్లలో ఆ అలవాటు ఆ తరువాత కూడా నిలిచింది.

యంత్రం చేసే పని

ఇంటిలో ఎవరూ కుట్టకపోతే పాత ఉన్ని ఏమవుతుంది? దీనికి సమాధానం ఇంగ్లండులో యార్క్‌షైరుకు చెందిన బాట్లీ అనే పట్టణంలో మొదలవుతుంది. 1813లో బెంజమిన్ లా అనే వస్త్రకారుడు ఉన్ని పేలికలను ముళ్ల యంత్రంలో చించి, పోగులుగా విడదీసి, కొంత కొత్త ఉన్ని కలిపి మళ్లీ వడికాడు. ఆ బట్టకు ‘షాడీ’ అని పేరు వచ్చింది. చింపే యంత్రాన్ని కార్మికులు ‘దయ్యం’ అని పిలిచేవారు. 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు ఇచ్చిన షాడీ యూనిఫారాలు కొన్ని వానకు తడిసి పీలికలైనాయి. నాసిరకమన్న అర్థంలో ఆ మాట ఇంగ్లీషులో స్థిరపడటానికి ఆ అపకీర్తి తోడ్పడింది.

ఆ పరిశ్రమ నేడు మన హర్యానాలోని పానిపట్టులో ఉన్నది. 1526, 1556, 1761 యుద్ధాల పానిపట్టే. దేశవిభజన తరువాత నేతపనివారైన శరణార్థులు అనేకులు అక్కడ స్థిరపడటంతో అది మగ్గాల పట్టణమయింది. తరువాతి దశాబ్దాలలో పాశ్చాత్య దేశాలు వదిలేసిన స్వెట్టర్లు, ఓవర్‌కోట్లు ఓడలలో కాండ్లా రేవుకు చేరి, అక్కడినుండి లారీలలో పానిపట్టుకు రాసాగాయి. వాటిని ఎవరూ తిరిగి తొడుగుకోవటానికి అమ్మకుండా ముందుగానే కోసి నిరుపయోగం చేయాలని నిబంధన ఉన్నది. గోదాములలో స్త్రీలు కత్తిపీట ముందు కూర్చొని గుండీలు, జిప్పులు, చీటీలు ఊడదీస్తారు. ఎరుపు ఎరుపుతో, నీలం నీలంతో రాశులు పోస్తారు. రంగులవారీగా వేరుచేయటంవల్ల అద్దకం ఖర్చు మిగులుతుంది. చీల్చి, ఏకి, వడికి, నేసిన ఆ ఉన్నినుండి కంబళ్లు తయారవుతాయి. భూకంపాలు, వరదలు వచ్చినచోట నిరాశ్రయులకు పంచే బూడిదరంగు కంబళ్లను ఏళ్లతరబడి పానిపట్టు సరఫరా చేసింది. ఆ గోదాములలో గాలినిండా తేలే నూగు కార్మికుల ఊపిరితిత్తులకు చేసే కీడు మాత్రం ఆ కంబళ్ల ధరలో చేరదు. పాలియెస్టరు ఫ్లీసు దుప్పట్లు వచ్చాక ఈ సరుకుకు గిరాకి తగ్గి, అనేక మిల్లులు తామే ఫ్లీసు వైపు మళ్లాయి.

చింపే యంత్రం ఉన్నిని కాపాడుతుంది కాని పోగు పొడుగును కాపాడలేదు. పొడవైన పోగు తెగి పొట్టిదవుతుంది. పొట్టిపోగు దారం గరుకు, బలహీనం. మళ్లీ మళ్లీ చింపితే చివరకు వడకటానికి లొంగదు. విప్పి అల్లితే దారం దక్కుతుంది. కోసి కుడితే అల్లిక కూడా దక్కుతుంది. ఇంటి కత్తెర చేసే పనిని ఏ మిల్లూ అంత తక్కువ నష్టంతో చేయలేదనటానికి ఆధారం ఇదే.

తెలుగునాట ఈ విద్యకు అంత ప్రచారం లేకపోవటానికి కారణం వాతావరణమే. పాత చీరలను పొరలు పేర్చి బొంత కుట్టటం మన పల్లెలలో ప్రతి ముసలమ్మకూ తెలుసు; గొర్రెలకాపరి గొంగడి నేతబట్ట గనుక కోసినా జారదు. స్వెట్టరు మాత్రం మనకు చుట్టపుచూపుగా వచ్చే వస్తువు. చలికాలం రాగానే హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వీధులలో టిబెట్టు శరణార్థులు వెలిసే దుకాణాలలో కొని, నాలుగు వారాలు తొడిగి, దాచివేస్తాము. దానిని చిరగనిచ్చేంత చలి అరకు లోయలోనో, ఆదిలాబాదు అడవులలోనో తప్ప మనకు లేదు. పిల్లలు మాత్రం ఇక్కడైనా ఎదుగుతూనే ఉంటారు. చిరగకుండానే పొట్టివైన స్వెట్టర్లు మన పెట్టెలలో కొల్లలు.

చలి ఎంతటిదో తెలిసినవారు మరొక విధంగా మాట్లాడుతారు. 1990 దశకం ఆరంభంలో యువ పాత్రికేయుడైన అన్షు గుప్తాకు పాతఢిల్లీలో, అనాథ శవాలను రిక్షాలో తరలించటమే వృత్తిగా గల ఒక మనిషి తారసపడ్డాడు. వేసవికన్న చలికాలంలో తనకు పని ఎక్కువని అతడు చెప్పాడు. చలి వేసినప్పుడు శవాన్ని కౌగలించుకొని పడుకుంటానని అతని చిన్నకూతురు చెప్పిన మాటను గుప్తా అనేక సభలలో తలచుకున్నారు. చంపినది చలి కాదు, బట్ట లేకపోవటం అని ఆయనకు అనిపించింది. 1999లో తన ఇంటిలోని 67 బట్టలతో ఆయన ‘గూంజ్’ సంస్థను ప్రారంభించారు. పట్టణాలు వదిలిన బట్టలను బాగుచేసి, తగినట్లు మార్చి, పల్లెలలో బావి త్రవ్వకం, బాట మరమ్మతు వంటి సమష్టి పనులకు ప్రతిఫలంగా అందజేయటం దాని పద్ధతి. 2015లో ఆయనకు రామన్ మెగసెసె పురస్కారం లభించింది.

చిరిగినదాన్ని ఉన్నదున్నట్లు దానం చేయటంకన్న, కోసి కుట్టి ఒక బిడ్డకు సరిపోయేటట్లు చేసి ఇవ్వటంలో శ్రమ ఎక్కువ. పుచ్చుకొనేవారికి ఆ తేడా చేతికి అందిన క్షణంలోనే తెలుస్తుంది.

కోటు ముగించేముందు చేయవలసిన చిన్నపని ఒకటి మిగిలి ఉన్నది. ప్రక్క కుట్లలో అదనపు బట్టను కోసివేయక, లోపలికి మడిచి కచ్చా కుట్టు వేసి ఉంచాలి; వచ్చే ఏడు పిల్లవాడు లావెక్కితే విప్పుకోవచ్చు. విప్పిన ముక్కలనుండి నాలుగు గజాల దారం తీసి, చిన్న అట్టముక్కకు చుట్టి, ఆ మడతలోనే కుట్టివేయాలి. మోచేతులు లేని కోటుకు ఈసారి చిల్లు ఎక్కడ పడుతుందో తెలియదు. పడిన రోజున అదే రంగు దారం ఏ బజారులోనూ దొరకదు.